పదేళ్ళలో 90 వేల ఉద్యోగాలన్న కొచ్చి స్మార్ట్ సిటీ ఎక్కడ ఆగిపోయింది?

2023 చివర్లో కొచ్చి వెళ్ళినప్పుడు మా పిన్ని కొడుకు రూమ్‌లో రెండు రోజులున్నాను. వాడు కాకినాడలో చదివి, కొచ్చిలో ఇన్ఫోపార్క్ అనే ప్రభుత్వ ఐటీ పార్కులో ఉద్యోగం చేస్తున్నాడు. పొద్దున్నే వైటిల జెట్టీలో వాటర్ మెట్రో పడవ ఎక్కి కాక్కనాడ్‌లో దిగాం, అక్కణ్ణుంచి ఇన్ఫోపార్క్‌కి చిన్న బస్సు. బస్సులో నిలబడ్డానికి కూడా చోటు లేదు, అందరి మెడల్లో ఐడీ కార్డులు, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగులు. ఇన్ఫోపార్క్ గేటు దగ్గర జనమంతా దిగిపోయారు. "ఇంకాస్త ముందుకెళ్తే స్మార్ట్ సిటీ అన్నయ్యా, చూస్తావా" అన్నాడు వాడు. చూశాను. వెడల్పాటి రోడ్డు, వరుసగా వీధి దీపాలు, ఒక పెద్ద అద్దాల బిల్డింగు, ఇంకా పనులు నడుస్తున్న రెండు ఎత్తైన టవర్లు, వాటి చుట్టూ నడుమెత్తు గడ్డి. వాన కురిసి వెలిసిందేమో, ఆ గడ్డి పచ్చగా మెరిసిపోతోంది. 246 ఎకరాల ప్రభుత్వ భూమి, 2007లో దుబాయ్ కంపెనీతో ఒప్పందం, పదేళ్ళలో 90 వేల ఉద్యోగాలని మాట. నేను నిలబడి చూసేటప్పటికి ఆ సంతకాలకు పదహారేళ్ళు.

ఏడాది తిరిగేసరికి, 2024 డిసెంబర్‌లో, ఆ ఒప్పందం నుంచి దుబాయ్ కంపెనీని పరస్పర అంగీకారంతో బయటికి పంపాలని కేరళ కేబినెట్ నిర్ణయించింది. అప్పుడు వచ్చిన వార్తలన్నీ 'ప్రాజెక్టు విఫలం' అని రాశాయి. ఎందుకు విఫలమైందో మాత్రం ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. నాకు ఈ విషయం మీద పట్టుదల పెరగడానికి కారణం మన రాష్ట్రాల్లోనూ ఇలాంటి ఒప్పందాలే వరసగా జరుగుతుండటం. అందుకే మొదటి నుంచీ ముడి విప్పుకుంటూ వస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. ఇది 2015లో కేంద్రం మొదలుపెట్టిన స్మార్ట్ సిటీస్ మిషన్ కాదు. ఆ మిషన్‌లోనూ కొచ్చి ఉంది, అది వేరే సంగతి. మనం మాట్లాడుకుంటున్నది ప్రభుత్వ భూమిలో దుబాయ్ సర్కారు కంపెనీ కట్టాల్సిన ఐటీ టౌన్‌షిప్ గురించి. దాని అసలు పేరే స్మార్ట్ సిటీ, అందుకే చాలామంది రెండింటినీ కలిపేస్తుంటారు.

2000లో దుబాయ్ ఇంటర్నెట్ సిటీ తెరిచారు. ప్రకటన చేసిన ఏడాదికే ఎడారిలో బిల్డింగులు లేచి, ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలు వచ్చి చేరాయి. అది కట్టించింది అక్కడి పాలకుడి ఆధీనంలోని సంస్థే, తర్వాత టీకామ్ అన్న పేరుతో దుబాయ్ హోల్డింగ్ కింద నడిచింది. కొచ్చి ఒప్పందంలోని దుబాయ్ కంపెనీ ఈ టీకామే. గల్ఫ్‌లో పనిచేసేవాడు లేని వీధి కేరళలో ఉండదు. మన నిజామాబాద్, కరీంనగర్, కడప, కోనసీమ వాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మన కుర్రాళ్ళు అక్కడికెళ్ళి కట్టిన ఊరిని ఇప్పుడు వాళ్ళే వచ్చి మన దగ్గర కడతారట అంటే ఆ ఆశ ఎలాంటిదో ఊహించుకోవచ్చు. కాకపోతే దుబాయ్‌లో భూమి, అనుమతి, పెట్టుబడి మూడూ ఒకే గూటివి. కేరళలో భూమి ప్రభుత్వానిది, ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) అనుమతి ఢిల్లీది, పెట్టుబడి పరాయి దేశానిది, పైగా అప్పట్లో అయిదేళ్ళకోసారి ప్రభుత్వం మారేది. ఇంకా ముఖ్యమైంది, కేరళలో భూమి తక్కువ, జనం ఎక్కువ. అక్కడ సెంటు భూమి గురించి కూడా అసెంబ్లీలో గొడవ జరుగుతుంది.

మొదటి గొడవ ఒప్పందం సంతకం కాకముందే వచ్చింది. 2005 ప్రాంతంలో కాంగ్రెస్ ముఖ్యమంత్రి ఊమెన్ చాందీ ప్రభుత్వం కుదుర్చుకోబోయిన ఒప్పందంలో, అంతకు ఏడాది ముందే మొదలైన ప్రభుత్వ ఇన్ఫోపార్క్‌ని కూడా టీకామ్‌కి అప్పగించేయాలని ఉంది. వాళ్ళు ఇస్తామన్న ఉద్యోగాలు 33 వేల పైచిలుకు. అప్పుడు ప్రతిపక్ష నాయకుడుగా ఉన్న సీపీఎం నేత వి.ఎస్. అచ్యుతానందన్ గట్టిగా అడ్డుకున్నారు. నడుస్తున్న పార్కుని ఎందుకు ఇచ్చేయాలన్నది ఆయన ప్రశ్న. 2006 ఎన్నికల్లో గెలిచి ఆయనే ముఖ్యమంత్రి అయ్యారు, మళ్ళీ బేరం మొదలైంది.

2007 మే 13న సంతకాలయ్యాయి. ఇన్ఫోపార్క్ ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. కొత్త కంపెనీలో టీకామ్ వాటా 84 శాతం, ప్రభుత్వానిది 16 శాతం. 246 ఎకరాలు 99 ఏళ్ళ లీజుకి, దానికి 104 కోట్ల రూపాయలు. పదేళ్ళలో 88 లక్షల చదరపు అడుగులు కట్టాలి, అందులో 62 లక్షలు ఐటీకే కేటాయించాలి, 90 వేల ఉద్యోగాలు రావాలి. కాగితం మీద ఇది పాతదానికంటే చాలా మెరుగైన ఒప్పందం, ఆ మాట ఒప్పుకోవాలి. ఇన్ఫోపార్క్‌ని కాపాడటం ఒక్కటే ఎంత మేలు చేసిందో తర్వాత చెప్తాను.

కానీ ఆ 90 వేల అంకెని ఒకసారి కూర్చుని లెక్కేయండి. ఐటీకి కేటాయించిన 62 లక్షల చదరపు అడుగుల్ని 90 వేలతో భాగిస్తే ఒక్కో ఉద్యోగికి 69 చదరపు అడుగులు వస్తుంది. లిఫ్టులు, మెట్లు, క్యాంటీన్, మీటింగ్ రూములు అన్నీ కలుపుకుని మామూలుగా మనిషికి వంద అడుగులకు అటూ ఇటూగా లెక్కేస్తారు. ఐటీ కాని బిల్డింగులు కూడా కలిపి మొత్తం 88 లక్షలూ తీసుకుంటేనే 98 అడుగులకు చేరుతుంది. అంటే ఒప్పుకున్నదంతా, ఆఖరి గోడతో సహా కట్టి, ప్రతి కుర్చీలోనూ మనిషి కూర్చుని, కొన్ని కుర్చీల్లో రెండు షిఫ్టులు నడిస్తే తప్ప ఆ అంకె రాదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మనకుంది. ఉద్యోగాల సంఖ్య ముందు పుట్టింది, దాన్నిచ్చే బిల్డింగులు ఇంకా పుట్టాల్సి ఉంది. అయినా పదిహేడేళ్ళపాటు ప్రతి మీటింగులో, ప్రతి ఎన్నికల సభలో వినిపించింది ఆ అంకే. ఎన్ని చదరపు అడుగులు లేచాయన్నది అడిగినవాళ్ళు తక్కువ.

2007 నవంబర్‌లో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత మూడేళ్ళ పైన అక్కడ చెప్పుకోదగ్గ పనేదీ జరగలేదు. కారణం 12 శాతం.

ఇది అర్థమైతే సగం కథ అర్థమైనట్టే. లీజు భూమి అంటే వాడుకునే హక్కే గానీ అమ్ముకునే హక్కు ఉండదు. ఫ్రీహోల్డ్ అంటే పూర్తి హక్కు, మన భాషలో పట్టా భూమి లాంటిది. 246 ఎకరాల్లో 12 శాతం, అంటే 29 ఎకరాల పైన, తమకు ఫ్రీహోల్డ్‌గా రావాలని, దాన్ని అమ్ముకునే హక్కు కూడా అందులోనే ఉందని కంపెనీ వాదన. ఫ్రీహోల్డ్ ఇస్తామన్నాం గానీ అమ్ముకోమనలేదు అని ప్రభుత్వం వాదన. ఒకే ఒప్పందం, ఒకే పదం, ఇద్దరికీ రెండు అర్థాలు. సంతకానికి ముందు ఒక్క వాక్యం రాసుకుంటే తీరిపోయే పేచీ ఇది. "ఈ 12 శాతాన్ని మూడో వ్యక్తికి అమ్మవచ్చు" అనో, "అమ్మరాదు" అనో. ఆ వాక్యం రాయలేదు. రాసి ఉంటే ఎవరో ఒకరు సంతకం పెట్టేవారు కాదేమో, అందుకే అలా వదిలేశారని నా అనుమానం. అప్పటికి అందరికీ సంతకం కావాలి, పేచీ తర్వాత చూసుకోవచ్చు అనుకున్నారు.

అందులో కంపెనీ ఆలోచన కూడా అర్థం చేసుకోవాలి. ఇలాంటి టౌన్‌షిప్ కట్టేవాళ్ళకు ఆఫీసుల అద్దె మీద డబ్బు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. కొంత భూమిలో అపార్ట్‌మెంట్లో విల్లాలో కట్టి అమ్ముకుంటే ముందే చేతికి డబ్బొస్తుంది, దాంతో రోడ్లూ డ్రైనేజీ ఆఫీసులూ కట్టొచ్చు. వ్యాపారంగా ఇందులో తప్పు లేదు. కానీ ప్రభుత్వం ఆ భూమి ఇచ్చింది ఉద్యోగాల పేరు మీద, అమ్ముకుంటే అది రియల్ ఎస్టేట్ అవుతుంది, తక్కువ ధరకు ప్రభుత్వ భూమి కట్టబెట్టారన్న మాట పడాల్సి వస్తుంది. అచ్యుతానందన్ రాజకీయ జీవితంలో పెద్ద భాగం భూకబ్జాల మీద పోరాటమే, ఆయన ఆ హక్కుని ఇవ్వడమన్నది జరిగే పని కాదు.

ఈ పీటముడి నలుగుతుండగా గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. 2008లో ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభం, 2009 నవంబర్‌లో దుబాయ్ వరల్డ్ అన్న మరో సర్కారు సంస్థ తన అప్పుల చెల్లింపు వాయిదా వేయమని అడిగింది. టీకామ్ దాని కిందది కాదు గానీ దుబాయ్ సర్కారు సంస్థలన్నిటికీ అప్పు పుట్టడం కష్టమైపోయింది. అంటే ఒప్పందం 2007లోనే తిరకాసు లేకుండా ఉండుంటే, డబ్బున్న రోజుల్లోనే మొదటి బిల్డింగులు లేచి ఉండేవి. పేచీలో పోయింది మామూలు మూడేళ్ళు కాదు, ఆ పదేళ్ళలోకెల్లా విలువైన మూడేళ్ళు.

చివరికి లులు గ్రూప్ అధినేత ఎం.ఎ. యూసఫ్ అలీ మధ్యవర్తిత్వం చేశారు. అమ్ముకునే హక్కు కోసం కంపెనీ పట్టుపట్టడం మానుకుంది, 2011 ఫిబ్రవరిలో లీజు సంతకాలయ్యాయి. మధ్యవర్తి మంచి పని చేశారు, అందులో సందేహం లేదు. అయినా ఒక రాష్ట్ర ప్రభుత్వం, ఒక విదేశీ సర్కారు కంపెనీ తమ మధ్య ఉన్న కాగితంలో ఒక పదానికి అర్థం తేల్చుకోవడానికి బయటి వ్యాపారవేత్త రావాల్సి వచ్చిందంటే, పేచీ వస్తే ఎవరు తీర్చాలో, ఎన్నాళ్ళలో తీర్చాలో ఆ ఒప్పందంలో సరిగ్గా లేదనే కదా అర్థం.

లీజు అయింది, ఇక పనులే అనుకుంటే సెజ్ మెలిక పడింది. సెజ్ అంటే పన్ను మినహాయింపులున్న ప్రత్యేక ఆర్థిక మండలి. దానికి భూమంతా ఒకే ముక్కగా ఉండాలి, చుట్టూ ప్రహరీ ఉండాలి, రాకపోకలకు నిర్ణీత గేట్లు ఉండాలి. ఇక్కడేమో భూమి మధ్యలో కడంబ్రయార్ అనే ఏరు పారుతోంది. ఒక వైపు 132 ఎకరాలకు 2011లోనే సెజ్ హోదా వచ్చింది గానీ, ఏటికి అవతలున్న మిగతా భూమిని కూడా కలిపి ఒకే సెజ్‌గా ఇవ్వాలన్న విన్నపం ఢిల్లీలో ఫైళ్ళ మధ్య తిరిగింది. ఆ ఏరు నిన్నా మొన్నా వచ్చింది కాదు. 2007లో మ్యాప్ పరిచినప్పుడు కూడా అక్కడే ఉంది.

పన్నుల సంగతి ఐటీ వాళ్ళు తప్ప మిగతావాళ్ళు పెద్దగా పట్టించుకోరు, కానీ ఇక్కడ అది కీలకం. 2007లో సెజ్ అంటే కంపెనీలు ఎగబడేవి. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల పథకం కింద ఇచ్చిన ఆదాయ పన్ను మినహాయింపు 2011 మార్చి 31తో ముగిసింది, కాబట్టి కొత్త ఆఫీసు పెట్టేవాళ్ళకు మిగిలిన దారి సెజ్ ఒక్కటే. అయితే అదే ఏడాది నుంచి సెజ్‌ల మీద మినిమమ్ ఆల్టర్నేట్ ట్యాక్స్ (మినహాయింపులున్నా కనీసం కట్టాల్సిన పన్ను) వేశారు, సగం ఆకర్షణ పోయింది. 2020 మార్చి తర్వాత మొదలయ్యే యూనిట్లకు ఆదాయ పన్ను మినహాయింపే లేదు. సరిగ్గా అదే నెలలో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చి ఆఫీసులన్నీ ఖాళీ అయ్యాయి. ఇక ఆ తర్వాత సెజ్ హోదా లాభం కాదు సరికదా, బరువైంది. సెజ్ బిల్డింగులో సెజ్ కాని కంపెనీ అద్దెకు దిగడానికి కుదరదు. దేశమంతా ఇలా ఖాళీగా పడున్న సెజ్ ఆఫీసుల్ని అంతస్తుల వారీగా సెజ్ నుంచి తప్పించుకునే వీలు కేంద్రం ఇచ్చింది 2023 డిసెంబర్‌లో. ఏ హోదా కోసం ఏళ్ళు ఎదురుచూశారో ఆ హోదా నుంచి బయటపడటానికి దరఖాస్తులు పెట్టుకునే రోజులొచ్చాయి.

2016 ఫిబ్రవరి 20న మొదటి బిల్డింగు ప్రారంభమైంది. ఆరున్నర లక్షల చదరపు అడుగులు. మళ్ళీ ఊమెన్ చాందీయే ముఖ్యమంత్రి, కొద్ది నెలల్లో ఎన్నికలు. ఒప్పందం జరిగి ఎనిమిదేళ్ళ తొమ్మిది నెలలు. కట్టాల్సిన 88 లక్షల్లో ఇది ఏడున్నర శాతం కూడా కాదు. మనిషికి వంద అడుగుల లెక్కన నిండుగా నిండితే ఆరున్నర వేల మంది పడతారు. మరి పదేళ్ళ గడువు ఎప్పుడు ముగుస్తుంది? సంతకం నుంచి లెక్కేస్తే 2017, లీజు నుంచి లెక్కేస్తే 2021. ఎటు లెక్కేసినా 90 వేలకు దరిదాపుల్లో లేదు.

మిగతా స్థలాల్లో కొన్ని ముక్కల్ని కో-డెవలపర్లకు ఇచ్చారు. ప్రెస్టీజ్, మారట్, లులు గ్రూప్‌కి చెందిన శాండ్స్ ఇన్‌ఫ్రా లాంటివి. అంటే ప్రభుత్వం దుబాయ్ కంపెనీకి ఇచ్చింది, అది మళ్ళీ ఇక్కడి బిల్డర్లకు ఇచ్చింది. ఈ అంచె ఎందుకు, ఆ బిల్డర్లకు ప్రభుత్వమే నేరుగా ఇవ్వొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. దుబాయ్ కంపెనీ తెస్తుందనుకున్నది దాని పేరు, దాని ఇంటర్నెట్ సిటీలో ఉన్న పెద్ద కంపెనీల పరిచయాలు. ఆ కంపెనీలు అనుకున్నట్టు రాలేదు. అవి వెతికేది చదువుకున్న పిల్లలు ఎక్కువగా దొరికే ఊరు, మంచి విమానాశ్రయం, ఉద్యోగులు ఉండటానికి ఇళ్ళు. దుబాయ్‌లో పక్కింటి పరిచయం ఉందని బెంగళూరు వదిలి కొచ్చి రారు.

నన్నడిగితే అసలు కిటుకు ఇక్కడుంది. తక్కువ ఖర్చుకు 99 ఏళ్ళ లీజు చేతిలో ఉన్నవాడికి తొందరేముంటుంది? పక్కన ఊరు పెరుగుతున్నకొద్దీ తన భూమి విలువ కూర్చున్నచోటే పెరుగుతుంది. త్వరగా కట్టడం వల్ల వచ్చే లాభం కంటే ఆగడం వల్ల వచ్చే నష్టం ఎక్కువగా ఉంటే తప్ప ఎవరూ పరిగెత్తరు. కంపెనీని చెడ్డదనడం లేదు, ఆ స్థానంలో ఎవరున్నా అంతే చేస్తారు. పరిగెత్తించే ఏర్పాటు ఒప్పందంలో ఉండాలి. మూడో ఏటికి ఇన్ని చదరపు అడుగులు, లేకపోతే ఇన్ని ఎకరాలు వెనక్కి, అయిదో ఏటికి ఇన్ని, లేకపోతే ఇన్ని. చివర్లో ఒక పెద్ద అంకె పెట్టుకుని పదేళ్ళు ఎదురుచూస్తే, పదో ఏట చేయగలిగింది కోర్టుకెళ్ళడమో కాళ్ళు పట్టుకోవడమో, అంతకంటే ఏముంది?

అదే రోడ్డు మీద ఇన్ఫోపార్క్ చూడండి. ప్రభుత్వ సంస్థ, 2004లో చిన్నగా మొదలైంది, ఒక బిల్డింగు నిండితే ఇంకోటి కట్టుకుంటూ పోయింది. ఇప్పుడు సుమారు 70 వేల మంది పనిచేస్తున్నారు. 2005 నాటి మొదటి ఒప్పందం యథాతథంగా జరిగి ఉంటే ఈ పార్కు కూడా వాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయేది. కేరళకు ఇది కొత్త కాదు, 1990లోనే తిరువనంతపురంలో టెక్నోపార్క్ పెట్టి దేశంలోనే మొదటి టెక్నాలజీ పార్కు అనిపించుకున్న రాష్ట్రం అది. ఐటీ పార్కు నడపడం దానికి చేతనైన పనే. మా తమ్ముడి బస్సు ఎక్కడ ఖాళీ అయిందో చెప్పాను కదా, రెండు పద్ధతుల తేడా నాకు ఆ బస్టాప్‌లోనే కనపడింది.

పొరుగున ఇంకొకటి కూడా ఉంది. స్మార్ట్ సిటీ భూముల్ని ఆనుకునే బ్రహ్మపురం, కొచ్చి నగరం చెత్తంతా పోస్తూ వచ్చిన చోటు. 2023 మార్చి 2న అక్కడ చెత్తకుప్పలు అంటుకుని పది రోజులకు పైగా కాలాయి. ఊరంతా పొగ, పిల్లలకు బడులు సెలవు, జాతీయ హరిత ట్రిబ్యునల్ కార్పొరేషన్‌కి 100 కోట్ల జరిమానా వేసింది. మా తమ్ముడు ఆ వారమంతా తడి తువ్వాలు కిటికీకి కట్టుకుని పడుకున్నాడట. ప్లాస్టిక్ కాలిన వాసన బట్టలకు పట్టి ఉతికినా పోలేదన్నాడు. అంతర్జాతీయ స్థాయి టౌన్‌షిప్ అని బ్రోషర్లు వేసేటప్పుడు ఎవరూ ఈ గోడ అవతల ఏముందో చూడలేదా అనిపిస్తుంది. చెత్త సంగతి తేల్చడం దుబాయ్ కంపెనీ పని కాదు, అది పూర్తిగా మన ప్రభుత్వాల పని. మెట్రో కూడా అంతే. కలూర్ స్టేడియం నుంచి ఇన్ఫోపార్క్ దాకా 11 కిలోమీటర్ల లైనుకి కేంద్ర కేబినెట్ ఒప్పుకున్నది 2022 సెప్టెంబర్‌లో, ఒప్పందం నాటి నుంచి పదిహేనేళ్ళకు. కాబట్టి తప్పంతా కంపెనీ మీదకు నెట్టేయడం న్యాయం కాదు.

మరి ఇన్నేళ్ళు ఎందుకు రద్దు చేయలేదు? ఇక్కడ రాజకీయం వస్తుంది. మొదలుపెట్టింది కాంగ్రెస్ కూటమి, సంతకం పెట్టింది వామపక్ష కూటమి, మొదటి బిల్డింగు ప్రారంభించింది మళ్ళీ కాంగ్రెస్ కూటమి. ఇద్దరి చేతులూ అందులో ఉన్నాయి. రద్దు చేస్తే 'పెట్టుబడులను తరిమేశారు' అంటారు, కొనసాగిస్తే ఎవరూ అడగరు. కంపెనీ బోర్డులో ప్రభుత్వ ప్రతినిధులు కూడా ఉన్నారు, 16 శాతం వాటాదారుగా ఆలస్యానికి తానూ సాక్షే. తన కంపెనీ మీద తనే కేసు వేయడం ఎంత ఇబ్బందో ఆలోచించండి.

2024 డిసెంబర్ 4న అప్పటి ముఖ్యమంత్రి పినరయి విజయన్ కేబినెట్ చివరికి తెంచుకుంది. తెంచుకున్న తీరు మీద మళ్ళీ రగడ. టీకామ్‌కి ఎంత ఇవ్వాలో స్వతంత్ర మదింపుదారు లెక్కగడతారని నిర్ణయించారు. మాట తప్పినవాడే మనకు పరిహారం ఇవ్వాలి గానీ మనం వాడికి ఇవ్వడమేమిటని అప్పటి ప్రతిపక్ష నాయకుడు వి.డి. సతీశన్ నిలదీశారు. అది పరిహారం కాదు, వాళ్ళు పెట్టిన పెట్టుబడికి, వాళ్ళ వాటాకి విలువ కట్టి చెల్లించడమని ప్రభుత్వం జవాబు. కోర్టుకెళ్తే భూమి ఇంకెన్నేళ్ళు ఇరుక్కుంటుందో తెలియదు, ఇన్ఫోపార్క్‌లో చోటు లేక కంపెనీలు ఎదురుచూస్తున్నాయి, భూమి తిరిగొస్తే వాళ్ళకివ్వొచ్చు అన్నది వాళ్ళ వాదన. ప్రతిపక్షం కోపంలో న్యాయముంది, ప్రభుత్వం తొందరలోనూ అర్థముంది. పుణ్యకాలం గడిచిపోయాక మిగిలేవి ఇలాంటి రెండు చెడ్డ దారులే.

ఇక్కడ హైదరాబాద్‌తో పోల్చకుండా ఉండలేం. సైబర్ టవర్స్‌కి 1997లో పని మొదలైంది, 1998 నవంబర్ 22న వాజ్‌పేయి ప్రారంభించారు. ఎల్ అండ్ టీకి 89 శాతం, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీకి 11 శాతం. ప్రభుత్వ వాటా కొచ్చి కంటే తక్కువే, అయినా బిల్డింగు లేచింది. ముందు ఒక్క టవర్, అది నిండాక మిగతావి. అలాగని మనవాళ్ళ గొప్పే అనుకోకూడదు. వైటూకే (2000 సంవత్సరంలో కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయం) హడావుడి, అమెరికా ఆర్డర్లు, చుట్టూ ఎంత కావాలంటే అంత ఖాళీ భూమి, అన్నీ కలిసొచ్చాయి. అదే హైదరాబాద్‌లో, అదే దుబాయ్ నుంచి వచ్చిన ఎమ్మార్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీతో మణికొండలో చేసుకున్న టౌన్‌షిప్ ఒప్పందం ఏమైందో గుర్తుందా? విల్లాల ప్లాట్ల అమ్మకాల్లో ఏపీఐఐసీ వాటా పలచబడిందన్న వివాదం 2011లో సీబీఐ కేసు దాకా వెళ్ళింది. అచ్యుతానందన్ భయపడిన 12 శాతం భయం గాలికి పుట్టింది కాదు. 2006లో చిప్పుల ఫ్యాక్టరీ వస్తుందని శంషాబాద్ అవతల ఫ్యాబ్ సిటీకి 1,200 ఎకరాలు చూపించారు. అప్పట్లో చెప్పిన చిప్పుల తయారీ రానే లేదు, తర్వాత సోలార్ కంపెనీలొచ్చాయి.

ఇప్పుడు విశాఖ. 2025 ఏప్రిల్‌లో ఋషికొండ దగ్గర 21 ఎకరాల పైన భూమిని టీసీఎస్‌కి 99 పైసల ధరకు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ కేబినెట్ నిర్ణయించింది, 12 వేల ఉద్యోగాలని చెప్పారు. నేను దీనికి వ్యతిరేకిని కాదు, మా ఊరి పిల్లలు కాక్కనాడ్ బస్సుల్లో వేలాడకుండా విశాఖలోనే పనిచేయాలని నాకూ ఉంది. 21 ఎకరాలు 246 ఎకరాల్లాంటిది కాదు, తన ఆఫీసు తనే కట్టుకునే కంపెనీ వేరు, కట్టి అద్దెకిచ్చే కంపెనీ వేరు. ఈ రెండూ మంచి సంకేతాలే. అయినా 99 పైసల మీద జరిగినంత చర్చ గడువుల మీద జరగలేదు. ధర తక్కువైతే కొంప మునగదు, కొచ్చిలో ముంచింది ధర కాదు. ఎన్నో ఏటికి ఎంత కట్టాలి, కట్టకపోతే ఎన్ని ఎకరాలు తిరిగొస్తాయి, ఉద్యోగాలు ఎవరు లెక్కపెడతారు, పీఎఫ్ ఖాతాలు చూసి లెక్కపెడతారా లేక కంపెనీ ఇచ్చిన కాగితం చూసా, ఇవి అడగాలి. అడిగితే పెట్టుబడులు పారిపోతాయన్న టెన్షన్ అక్కర్లేదు. నిజంగా కట్టాలని వచ్చినవాడు ఈ ప్రశ్నలకు జవాబు ముందే రాసుకుని వస్తాడు.

కొచ్చిలో నేను చూసినప్పుడు పనుల్లో ఉన్న ఆ రెండు టవర్లు 2025 జూన్ 28న ప్రారంభమయ్యాయి. లులు గ్రూప్‌వి, ఒక్కోటి 30 అంతస్తులు, మొత్తం 35 లక్షల చదరపు అడుగులు, 1,500 కోట్ల ఖర్చు. పన్నెండు ఎకరాల చిల్లరలో 35 లక్షల అడుగులు లేచాయి, మొదటి బిల్డింగుకి అయిదు రెట్లకు పైన. అంటే ఆ నేల పనికిరానిదేమీ కాదు, కట్టేవాడు దొరికితే నిలువుగా లేస్తుంది. ఇక మదింపుదారు ముందున్న లెక్క మామూలుది కాదు. బిల్డింగుల ఖరీదు కట్టడం సులువు. పదిహేడేళ్ళలో గడ్డి తప్ప ఏమీ మొలవని ఎకరాల విలువ కూడా పెరిగింది, పెంచింది పక్కనున్న ఇన్ఫోపార్కూ, ప్రభుత్వం వేసిన రోడ్లూ, వాటర్ మెట్రో. ఆ పెరుగుదలలో 84 శాతం వాటాదారుకి ఎంత లెక్కగడతారన్నదే చూడాల్సిన అంకె.